ఖాళీ గూడు

షిన్‌చూలో గాలికి సెలవు లేదు.
మేడ మీద వెదురు తడికెలపై బియ్యపు సేమ్యా ఆరబెడుతుంది,
వరసగా నిలిపిన స్కూటర్ల అద్దాలు తిప్పేస్తుంది,
మా మూడో అంతస్తు కిటికీ సందులోంచి దూరి
ధరల పట్టికను నేల మీదికి తోస్తుంది.
ఆ గాలిలోంచే మాటలు పంపే పెట్టె కోసం
బల్ల మీద నాలుగు బోర్డులు పరుచుకుని
ఇవాళ్టికి పదకొండో రోజు.

మొదటిది సరికొత్తది.
అన్నీ ఒకే చిప్‌లో. ఏడో తరం వైఫై,
ఆరు గిగాహెర్ట్జ్‌లో వెడల్పాటి రాచబాట.
బో-హాన్ ఆన్ చేసి, స్క్రీన్ మీది అంకె చూసి
ఈల వేశాడు.
ఫాన్ మామ అంకె చూడలేదు.
పసిపిల్ల నుదురు తడిమినట్టు
చెయ్యి వెనక్కి తిప్పి దాని మీద ఆనించాడు.
"దీనికి జ్వరం."
ఎనభై ఏడు డిగ్రీలు. రాసుకున్నాను.

రెండోది చవక.
దాని డ్రైవరు మూత బిగించిన కుండ,
లోపల ఏం ఉడుకుతోందో వండినవాడికే తెలుసు
వాడేమో ఫోన్ ఎత్తడు.

మూడోది అందరికీ నచ్చింది,
అందుకే దొరకదు.
యాభై రెండు వారాలు ఆగమన్నారు.
"అప్పటికి మావాడి గొంతు మారిపోతుంది"
అంది రూయి-యింగ్, పట్టికలో ఆ వరస కొట్టేస్తూ.

నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.
నెమ్మదైన ప్రాసెసరు, ఎత్తయిన పెట్టె,
లోపల రెండు గూళ్లు:
ఒకదాంట్లో ఆరో తరం రేడియో,
ఒకటి ఖాళీ.

పోయిన నెల పెంగ్హు దీవుల నుంచి
ఆల్చిప్పలు పెంచేవాళ్ల సంఘం తరఫున
అ-లువాన్ అనే ఆవిడ వచ్చింది.
బో-హాన్ ఆమెకు గంటసేపు వేగం గురించి చెప్పాడు.
టీ చల్లారిపోయింది.
చిప్పల అంచులు కోసిన వేళ్లతో
పెట్టెను అటూ ఇటూ తిప్పి
ఒక్కటే అడిగింది:
"పడవలో మీరుండరు కదా,
పాడైతే నేను మార్చుకోగలనా?"

ఆ మాట మాలో ఎవరి పట్టికలోనూ లేదు.

నిన్న వాన.
మొదటి బోర్డును వీధికి అవతల పెట్టి
మధ్యలో తడి టార్పాలిన్ వేలాడదీశాం.
రాచబాట కాలిబాటయింది.
బో-హాన్ యాంటెన్నా మార్చాడు, కోణం మార్చాడు,
ఆఖరికి తన గొడుగు కూడా మార్చాడు.
దాన్ని చూసి నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది.
అబద్ధం కాదు ఆ అంకె,
గది లోపలి నిజం.

ఇవాళ పొద్దున ఫాన్ మామ
నాలుగోదాని రేడియోను పట్టి ఉంచే
ఆవగింజంత మరను తీసి పారేసి
గోళ్లు లేని చేతికీ అందే
లావు తల మర ఒకటి చేసుకొచ్చాడు.
కళ్లు మూసుకుని విప్పాడు.
కళ్లు మూసుకునే బిగించాడు.
ముప్ఫై తొమ్మిది సెకన్లు. అదీ రాసుకున్నాను.

రూయి-యింగ్ నాలుగోదాని పక్కన టిక్కు పెట్టింది.
ధర పద్దెనిమిది శాతం ఎక్కువ.
పెద్ద కొనుగోలుదారు ఒకడు ఇక మన వైపు చూడడు.
నేను సరేననలేదు, కాదనలేదు,
నా పని కొలవడం.
బో-హాన్ మొదటి బోర్డును
గాలిబుడగల కవరులో చుట్టి ఇంటికి తీసుకెళ్లాడు.
వాడి తప్పేం లేదు,
రెండో గూడు ఖాళీగా ఉంచింది
వాడు తెచ్చే రోజు కోసమే.
బంతిలో ఇంకో విస్తరి వేసే ఉంచాం,
చుట్టం ఎప్పుడొస్తాడో తెలీదు.

సాయంత్రం, లైట్లు ఆర్పబోతుంటే గుర్తొచ్చింది:
మూత లేని గూట్లోకి ఉప్పుగాలి దూరుతుంది,
రాగి పళ్లు పచ్చబడతాయి.
మళ్లీ కూర్చుని
విడిభాగాల జాబితా చివర ఒక వరస చేర్చాను.
రబ్బరు బిరడా, మూడు వందలు.
ఒక్కోటి నాలుగున్నర డాలర్లు.

ఖాళీని ఖాళీగా ఉంచడానికీ
ఖర్చవుతుంది.